వంకాయ రంగు స్వెటర్

మొన్న డిసెంబరులో ఒక పొద్దున, తెల్లాపూర్‌లోని మా ఎనిమిదో అంతస్తు ఫ్లాట్‌లో మా అమ్మాయి హారిక అద్దం ముందు నిలబడి ఆఫీసుకి తయారవుతోంది. ముందు తెల్ల చొక్కా, దాని మీద చేతుల్లేని బూడిద రంగు స్వెటర్, దాని మీద మోకాళ్ల దాకా గోధుమ రంగు కోటు, మెడకి సన్నటి స్కార్ఫ్. ఒక్కొక్కటి తొడుక్కోవడం, వెనక్కి జరిగి చూసుకోవడం, మళ్లీ విప్పడం. రాజమండ్రిలో తమ్ముడి దగ్గర ఉండే మా అమ్మ పది రోజులకని వచ్చి ఉంది. ఇద్దరం మంచం అంచున కూర్చుని సర్కస్ చూస్తున్నట్టు చూస్తున్నాం. "దీన్ని లేయరింగ్ అంటారు అమ్మమ్మా, చలికాలం ఫ్యాషన్" అంది హారిక, అమ్మకి పాఠం చెబుతున్నట్టు. అమ్మ పకపకా నవ్వింది. "ఓసి నీ ఫ్యాషన్ బంగారం గానూ! ఈ వేషం మీ అమ్మ నీకంటే ముందే కట్టింది. నేనూ సరితా కలిసి కట్టించాం." హారిక నమ్మలేదు. నా వంక చూసింది. నాకేమో ఒక్కసారిగా ఒళ్లంతా హుషారొచ్చింది, ఇరవై రెండేళ్ల దాన్నయిపోయినట్టు. కథంతా చెప్పాలనిపించింది. కానీ ఆ కథలో ఒక ముక్క ఉంది. అది ఇన్నేళ్లుగా మా అమ్మ ఎదుట ఎప్పుడూ చెప్పలేదు.

మేము కోనసీమ వాళ్లం. నాన్న సర్వే శాఖలో పటాలు గీసేవారు. ఆయనకి హైదరాబాద్ బదిలీ అయినప్పుడు, కిరాయి తక్కువని ఎవరో చెబితే గోపన్‌పల్లిలో ఇల్లు తీసుకున్నాం. అప్పటికి అది ఊరే. ఇళ్లు, ఇళ్ల వెనక జొన్న చేలు, చేల వెనక బండరాళ్లు, ఆ రాళ్ల మీద మేకలు. ఇంటి యజమానురాలు సరితక్క అదే ఇంట్లో ముందు గదుల్లో ఉండేది. అరుగు మీది గదిలో కుట్టు మిషన్ పెట్టుకుని ఊరందరి జాకెట్లూ కుట్టేది. నా డిగ్రీ అయిన కొత్త. హైటెక్ సిటీలో ఫోను మీద ఖాతాదారులతో మాట్లాడే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పగటి పూట పని, పొద్దున్న ఆరుంపావుకి చౌరస్తాలో కంపెనీ బండి ఎక్కాలి. ఆ ఉద్యోగమంటే నాకెంత సంబరమో ఏం చెప్పను! మెడలో వేలాడే గుర్తింపు కార్డుని ఇంటికొచ్చాక కూడా తీసేదాన్ని కాదు. కూరగాయలు కొనడానికి కూడా అది వేసుకునే వెళ్లాను ఒకసారి. కాకపోతే మూడు నెలలు పరీక్షాకాలం. చివర్లో గొంతు పరీక్ష, అంటే పైవాళ్లు పక్కన కూర్చుని వింటుండగా ఒక గంటసేపు నిజం కాల్స్ మాట్లాడాలి. నెగ్గితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. నాన్న ముందే చెప్పేశారు. "అది పోతే ఇక వెంపర్లాట వద్దు. అమలాపురం వెళ్లి పెద్దమ్మ ఇంట్లో ఉండి బి.ఇడి. చదువుకో." నాకు బి.ఇడి. అంటే ద్వేషమేమీ లేదు. కానీ ఆ అద్దాల మేడల్ని చూశాక వెనక్కి వెళ్లాలనిపించలేదు.

ఇక చలి సంగతి. కోనసీమలో పుట్టి పెరిగిన మా అమ్మకి చలి కొలిచే సాధనం కొబ్బరినూనె సీసా. మా ఊళ్లో పుష్యమాసంలో ఏ రెండు మూడు పొద్దులో నూనె పేరుకునేది. ఆ పూట ఇంట్లో అందరికీ వేన్నీళ్లు. గోపన్‌పల్లి వచ్చిన మొదటి చలికాలం, దీపావళి దాటిందో లేదో సీసా గడ్డకట్టి కూర్చుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే, మధ్యాహ్నమైనా కరగదు. అమ్మకి గుండెలు జారిపోయాయి. "ఏమండీ, ఇదేం ఊరండీ, పిల్ల మంచులో పడి బిగుసుకుపోదూ?" అని నాన్నని పట్టుకుంది. తెల్లవారకముందే లేచి, దేవుడికి దీపం పెట్టడానికన్నా ముందు ఆ సీసా తలకిందులు చేసి చూడడం అలవాటైపోయింది ఆవిడకి. నూనె కదిలితే నాకు ఒక పొర, మసకబారితే రెండు, అసలు కదలకపోతే ఉన్నవన్నీ. అసలు కదిలిన రోజంటూ ఉంటే కదా! వేన్నీళ్ల గిన్నెలో సీసా దించి కరిగిస్తున్నప్పుడు వంటింటి నిండా కొబ్బరి వాసన, పక్క పొయ్యి మీద శొంఠి కాఫీ వాసన, సాంబ్రాణి వాసన. ఇప్పటికీ చలికాలం అంటే నాకు ఆ మూడూ కలిసిన వాసనే.

ఆ తర్వాత నన్ను నిలబెట్టి తొడిగేది. ముందు నాన్న బనియను. దాని మీద నా పలచటి పంజాబీ డ్రెస్సు. డ్రెస్సు మీద అమ్మ పాత పొడుగు చేతుల జాకెట్టు. చెవులు మూస్తూ నాన్న మఫ్లరు, గడ్డం కింద ముడి. కాళ్లకి మేజోళ్లు, మేజోళ్ల మీద చెప్పులు. చెప్పు పట్టీ దూరడానికి బొటనవేలి దగ్గర మేజోడుని లోపలికి తోసి తోసి, నా పాదాలు మేక గిట్టల్లా తయారయ్యేవి. నాన్న మాత్రం ఇంట్లో కూడా కోతిటోపీ తీయకుండా పేపరు చదువుతూ, "అంతేనమ్మా, చలిని నిర్లక్ష్యం చేయకూడదు" అని లోపల్నుంచి గొణిగేవారు. ఇవన్నీ ఒకెత్తు, స్వెటర్ ఒకెత్తు. మా ఊళ్లో ఎవరికీ స్వెటర్ అల్లడం రాదు, అవసరమే లేదు. నాన్న ఆఫీసులో ఒకాయన భార్య కొన్నాళ్లు ఢిల్లీలో ఉండి వచ్చిందని తెలిసి, ప్రతి ఆదివారం బస్సెక్కి ఆవిడ ఇంటికి వెళ్లి అమ్మ అల్లిక నేర్చుకుంది. యాభై దగ్గర పడుతున్న మనిషి, సూదులు పట్టుకుని చిన్నపిల్లలా తడబడుతూ, ముగ్గు చుక్కలు లెక్కపెట్టినట్టు పైకి లెక్కపెట్టుకుంటూ అల్లింది. వంకాయ రంగు. ఉన్ని కొనేటప్పుడు కొట్టతను నల్లది చూపించాడట, ఆడపిల్లకి నలుపేంటని ఈ రంగు తెచ్చింది. రెండు నెలలు పట్టింది. కుడి చెయ్యి ఎడమ చేతికన్నా రెండు వేళ్లు పొడుగు. కానీ ఎంత వెచ్చగా ఉండేదో!

ఇంటి నుంచి చౌరస్తాకి పది నిమిషాల నడక. చౌరస్తాకి ఇవతల ఒక ఏనుగంత బండరాయి ఉండేది. ఇప్పుడు నిజం చెబుతున్నాను. రోజూ ఆ రాయి చాటుకి వెళ్లి, అటూ ఇటూ చూసి, మఫ్లరు, స్వెటర్, జాకెట్టు, మేజోళ్లు, అన్నీ విప్పేసి, మడతపెట్టి సంచిలో కుక్కేసేదాన్ని. వణుక్కుంటూ, పలచటి డ్రెస్సులో, నవ్వు మొహంతో బండెక్కేదాన్ని. సాయంత్రం ఎలాగూ చలి ఉండదు కాబట్టి సంచితో ఇంటికొస్తే ఎవరికీ అనుమానం రాదు. "వెచ్చగా ఉందా అమ్మడూ?" అని అమ్మ రోజూ అడిగేది. "చాలా వెచ్చగా ఉందమ్మా" అని రోజూ చెప్పేదాన్ని. సిగ్గులేని అబద్ధం! ఆ వయసులో సిగ్గు అంతా బట్టల దగ్గరే ఖర్చయిపోతుంది, అబద్ధాల దాకా మిగలదు.

ఎందుకంటే ఆఫీసులో జయ మేడమ్ ఉంది. మా పదిమందికీ పెద్ద ఆవిడే, గొంతు పరీక్ష పెట్టేదీ ఆవిడే. డెహ్రాడూన్‌లో పెరిగిన తెలుగావిడ. పొద్దున్న ఆవిడ గాజు తలుపు తోసుకుని వస్తుంటే చూడాలి! కోటు, కోటు కింద చేతుల్లేని స్వెటర్, దాని కింద ఇస్త్రీ నలగని చొక్కా, మెడ చుట్టూ ఒక పల్చటి గుడ్డ, ఏ రంగు దేని పక్కన ఉండాలో అదే అక్కడ. పొద్దెక్కే కొద్దీ ఒక్కొక్కటే తీసి కుర్చీ వెనక వేసేది. పదింటికి ఒక జయ మేడమ్, పన్నెండింటికి ఇంకో జయ మేడమ్, భోజనాల వేళకి మరొక జయ మేడమ్. అన్ని బట్టలు వేసుకుని కూడా మనిషి అంత సన్నగా, అంత హుందాగా ఉండగలదా అని నోరు తెరుచుకుని చూసేదాన్ని. నేనూ అన్ని పొరలే వేసుకుని ఇంట్లోంచి బయల్దేరుతున్నాను కదా, నాదేమో మూట కట్టిన పరుపులా ఎందుకుంటుంది? దానికితోడు ఏసీ. అది మిషన్ల కోసం, మనుషుల కోసం కాదన్నారు. గాలి కొట్టే గొట్టం సరిగ్గా నా నెత్తిమీదే ఉండేది. బయట చలికాలపు పొద్దున, లోపల అంతకన్నా చలి, మధ్యాహ్నం బయటికొస్తే ఎండ. ఒకే రోజులో మూడు కాలాలు, నాకున్నది ఒకటే పలచటి డ్రెస్సు.

అలా రాయి చాటున విప్పడం మొదలుపెట్టి నెల తిరక్కుండానే గొంతు పట్టేసింది. ముందు బొంగురు, తర్వాత గరగర. పరీక్ష ఇంకో వారం ఉందనగా ఒక పెద్దాయన ఫోనులో "జర గట్టిగ మాట్లాడు సార్, ఇనొస్తలేదు" అన్నాడు. నేను సార్‌ని కాదు మేడమ్‌ని అని చెప్పబోతే ఆ మాట కూడా బయటికి రాలేదు. పక్కనుంచి వింటున్న జయ మేడమ్ నా చెవుల మీంచి హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. "ఉషా, నీ గొంతు చూసే నిన్ను తీసుకున్నాం. వచ్చే గురువారం టెస్టు. అప్పటిదాకా ఫోను ముట్టుకోకు, ఆ మూల కూర్చుని కాగితాల పని చూడు. గురువారం మాత్రం నీ సీట్లోనే కూర్చోవాలి, అందరికీ ఒకటే రూలు. గొంతు కాపాడుకోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే." కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. బండిలో ఇంటికొస్తూ దారి పొడుగునా అద్దాల మేడల్ని లెక్కపెట్టుకున్నాను, ఇవాళ చూసినవి మళ్లీ చూస్తానో లేదో అని.

ఆ ఆదివారం అమ్మా నాన్నా లింగంపల్లి సంతకి వెళ్లారు. నేను స్వెటర్ పట్టుకుని సరితక్క గదిలోకి పరిగెత్తాను. నా బుర్రలో పథకం తయారుగా ఉంది. చేతులు తీసేస్తే ఇది అచ్చం జయ మేడమ్ వేసుకునే చేతుల్లేని స్వెటర్ అయిపోతుంది. చొక్కా మీద వేసుకుంటే వెచ్చదనానికి వెచ్చదనం, సోకుకి సోకు. బొంగురు గొంతుతో, చేతులతో సైగలు చేస్తూ అక్కకి చెప్పాను. సరితక్క స్వెటర్‌ని ఇటూ అటూ తిప్పి చూసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. "గింతేనా? గిదెంత పనే! ఎన్ని జాకెట్ల చేతులు కోసిన నేను. ఇగ సూడు!" అని సుద్దతో భుజాల మీద గీత గీసి, కత్తెర పెట్టి కరకరా కోసేసింది. రెండు చేతులూ కింద పడ్డాయి. ఒక్క క్షణం ఇద్దరం మురిసిపోయాం. ఆ తర్వాత కోసిన చోట ఒక ముడి విడిపోయింది. దాని కిందది విడిపోయింది. దాని కిందది కూడా. గుడ్డ అయితే కోసినచోటే ఆగుతుందని మాకు తెలుసు. అల్లిక ఆగదని మా ఇద్దరికీ తెలీదు, అక్క తన జన్మలో స్వెటర్‌ని ఎప్పుడూ చేత పట్టుకుంటే కదా! "అరె, గిదేందే గిట్ల పోతున్నది!" అని అక్క మిషను కింద పెట్టి అంచు కుట్టబోయింది. సూది తగిలినచోటల్లా ఇంకో ముడి ఊడింది. వేలాడుతున్న పోగుని కత్తిరిద్దామని నేను లాగాను. లాగినకొద్దీ వచ్చింది. మెడ దాకా వచ్చేసింది. చెరో పక్కా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పోయే ప్రాణాన్ని ఆపుతున్నట్టు నిలబడిపోయాం.

అలా నిలబడి ఉండగానే గేటు చప్పుడైంది. అమ్మ కూరల సంచితో గుమ్మంలోకి వచ్చింది. నేల మీద రెండు వంకాయ రంగు చేతులు, మా చేతుల్లో మిగతా ముక్క, అక్క కాళ్ల దగ్గర గుట్టగా ముడతల పోగు. నాకు ఏడుపొచ్చేసింది. రెండు నెలల అల్లిక! "అమ్మా, నేనే కోయించాను. అక్కనేమీ అనకు. మా మేడమ్‌లాగా వేసుకుందామని..." అన్నాను బొంగురు గొంతుతో. సరితక్క, "తప్పయింది పిన్నీ, నాకు ఎరుక లేకపాయె. కొత్త ఉన్ని తెచ్చిస్త" అంది తల వంచుకుని. అమ్మ సంచి కింద పెట్టింది. "ముందు ఆ కత్తెర అవతల పెట్టండి ఇద్దరూ. ఎవరూ కదలొద్దు, ఊడుతుంది" అంది. లోపలికెళ్లి సూదులు తెచ్చుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఊడిపోతున్న ముడుల్ని ఒక్కొక్కటే సూదికెక్కించుకోవడం మొదలుపెట్టింది. ఒక పక్కంతా ఎక్కించింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది. "చేతులు బాలేవనా అమ్మడూ? కుడిది పొడుగైపోయింది, నాకు తెలుసు. సీరియల్ చూస్తూ అల్లాను, లెక్క తప్పాను." నేను కాదు కాదని తల అడ్డంగా ఊపాను. ఆ ప్రశ్న విన్నాక నా మీద నాకు కలిగిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

అన్ని ముడులూ సూదికెక్కాక అమ్మ గట్టిగా ఊపిరి వదిలి, ఫక్కున నవ్వింది. "పిచ్చి మొహాల్లారా! చేతులు విడిగా అల్లి భుజాల దగ్గర కుట్టానే. ఆ కుట్టు విప్పితే వాటంతట అవే ఊడొచ్చేవి కదే. నన్నొక్క మాట అడక్కపోయారా?" అడగాలని మాకు తోచనే లేదు. ఆ తర్వాత అమ్మ నా వైపు తిరిగి, "సరే, మీ మేడమ్ ఎలా వేసుకుంటుందో చెప్పు. కిందనుంచి పైదాకా, ఒక్కటీ వదలకుండా" అంది. అప్పుడు మొదలైంది అసలు సంబరం! నాకు మాట సరిగా రాదు కాబట్టి సరితక్క సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీశాను. ఒక పొర, దాని మీద ఒక పొర. ఇద్దరూ దాని మీదికి వంగి, పెళ్లిచీర ఎంచుతున్నట్టు వాదులాడుకున్నారు. "ఎన్ని ఏసినవన్నది కాదు పిన్నీ. లోపల పల్సగ ఉండాలె, నడుమ వెచ్చగ ఉండాలె, మీద సోకు ఉండాలె. నువ్వు పిల్లకు అన్నీ నడుమయే ఏస్తున్నవు" అంది సరితక్క. అమ్మకి ఆ మాట నచ్చింది. "అలాగంటావా!" అని రెండుసార్లు అనుకుంది.

ఆ మూడు రోజులూ మా ఇల్లు ఇల్లులా లేదు. అమ్మ ఊడిన చేతుల ఉన్ని విప్పి ఉండ చుట్టి, దాంతోనే చంకల చుట్టూ అంచు అల్లింది. నాన్న తెల్ల చొక్కా ఒకటి సరితక్క ఎత్తుకుపోయి నా ఒంటికి సరిపడా బిగించింది. "నా చొక్కా కనబడటం లేదేమిటే?" అని నాన్న కోతిటోపీలోంచి అడిగితే, "చలికి ముడుచుకుపోయిందిలెండి" అంది అమ్మ. నా పాత ఓణీ ఒకటి, ఆవపూల పసుపు రంగుది, చింపి అంచులు మడిచి మెడ గుడ్డ చేసింది. వంకాయ రంగు పక్కన ఆ పసుపు పెట్టి చూసి, "పూలజడలో చేమంతుల పక్కన కనకాంబరాలు పెట్టడం వచ్చినదానికి ఇదో లెక్కా" అని తనని తానే మెచ్చుకుంది. అన్నిటికన్నా పైన వేసుకోవడానికి సరితక్క దగ్గర ఎవరో కుట్టించుకుంటామని ఇచ్చి మరిచిపోయిన పోచంపల్లి ముక్క ఉండేది. "ఎప్పుడైనా వస్తే నేనే చెప్పుకుంట" అని, దాంతో ముందు తెరుచుకునే పొడుగు కోటు కుట్టేసింది. బనియను మాత్రం అమ్మ వదల్లేదు. "లోపల పల్చగా అన్నావుగా, అదే అది" అని సరితక్క మాట సరితక్కకే అప్పజెప్పింది. నేను ఆ మూడు రోజులూ మూగనోము పట్టి, మిరియాల పాలు తాగుతూ, ఆఫీసులో మూల కూర్చుంటే మెల్లగా గొంతు కూడదీసుకుంది. బుధవారం సాయంత్రం అన్నీ తొడిగి అద్దం ముందు నిలబెట్టారు. అందులో ఉన్నది నేనేనా! చెయ్యి ఎత్తి చూశాను, అందులో అమ్మాయి కూడా ఎత్తింది. సరితక్క ఈల వేసింది. అమ్మ దిష్టి తీసింది.

గురువారం పొద్దున్న సీసాలో నూనె రాయిలా ఉంది. నేను బయల్దేరాను. ఏనుగు రాయి దగ్గరికి వచ్చేసరికి అలవాటుగా కాళ్లు అటు తిరిగాయి. నవ్వొచ్చింది. విప్పాల్సింది ఒక్కటీ లేదు. రొమ్ము విరుచుకుని చౌరస్తా మధ్యలో నిలబడ్డాను, బండి కాస్త ఆలస్యమైతే బాగుండు, ఇంకొంతమంది చూస్తారు అనుకుంటూ. ఆఫీసులో జయ మేడమ్ నన్ను కిందినుంచి పైదాకా చూసి, దగ్గరికొచ్చి స్వెటర్ అంచుని రెండు వేళ్లతో పట్టుకుని, "ఎక్కడ కొన్నావ్?" అంది. "మా ఇంట్లో మేడమ్" అన్నాను. సీట్లో కూర్చున్నాను. నెత్తిమీద గొట్టం ఊదుతోంది. ఊదుకోనీ! గొంతు చుట్టూ ఓణీ ఉంది, రొమ్ము మీద అమ్మ అల్లిక ఉంది. మొదటి కాల్‌కి "నమస్కారమండీ" అన్నాను. నా గొంతే. గంటలాగా పలికింది! రెండో కాల్, ఐదో కాల్, పదో కాల్. చిరాకు పడ్డవాళ్లని బుజ్జగించాను, అరిచిన ఒకాయన చివర్లో "చల్లగుండు బిడ్డా" అని ఫోను పెట్టేశాడు. గంట గడిచాక జయ మేడమ్ తన చెవుల మీంచి హెడ్‌సెట్ తీసి, కాగితం మీద సంతకం పెట్టి నా ముందుకి తోసింది. నేను లేచి, పైన ఉన్న పోచంపల్లి కోటుని నెమ్మదిగా విప్పి, ఆవిడ లాగే కుర్చీ వెనక వేశాను. నా జీవితంలో అంత దర్జాగా ఇంకెప్పుడూ ఏ బట్టా విప్పలేదు. సాయంత్రం చౌరస్తా నుంచి ఇంటిదాకా పరిగెత్తాను. అమ్మ, సరితక్క అరుగు మీదే కూర్చుని ఉన్నారు. చెప్పక్కర్లేకుండానే ఇద్దరూ లేచి నన్ను వాటేసుకున్నారు. ఆ తర్వాత నెల తిరిగేసరికి మా బండిలో వచ్చే అమ్మాయిలందరి కొలతలూ సరితక్క పుస్తకంలోకి ఎక్కాయి.

ఇప్పుడు ఆ చౌరస్తాలో రాయి లేదు. పేల్చేసి, దాని చోట పన్నెండంతస్తులు కట్టారు. జొన్న చేలున్నచోట కూడా అంతే. సరితక్క ఇల్లు అమ్మి శంకర్‌పల్లి వైపు వెళ్లిపోయింది, ఫోనులో అప్పుడప్పుడూ "ఏందే మేడమ్, యాదికున్ననా?" అని పలకరిస్తుంది. మా హారికకి స్వెటర్ కావాలంటే ఫోనులో వేలు పెడితే సాయంత్రానికి గుమ్మంలో ఉంటుంది, కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ సమానంగా. నేనేమీ తప్పు పట్టడం లేదు. దాని బట్టలు చూస్తే నాకూ ముచ్చటే. మొన్న దాని కోటు నేనూ ఒకసారి తొడుక్కుని చూశాను. ఆఫీసుల్లో ఏసీ మాత్రం ఇప్పటికీ మిషన్ల కోసమేనట. మనసుకి తోచిన తేడా ఒక్కటే. దానికి ఏది వేసుకోవాలో, ఏది విప్పాలో దాని ఇష్టం, ఎవరి చాటుకీ వెళ్లక్కర్లేదు. నేను నా ఇష్టాన్ని ఒక రాయి చాటున దాచుకున్నాను.

హారికకి చెబుతూ చెబుతూ ఆ ఉత్సాహంలో రాయి సంగతి కూడా చెప్పేశాను. నోరు జారాక గుర్తొచ్చింది, అమ్మ పక్కనే ఉందని. హారిక కళ్లు పెద్దవి చేసి, "రోజూ విప్పేసేదానివా! పాపం అమ్మమ్మ!" అంది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని, "ఇన్నేళ్లూ నీకు చెప్పలేదమ్మా, క్షమించు" అన్నాను. అమ్మ నా వంక వింతగా చూసింది.

"నాకు మొదటి రోజే తెలుసే. జేబురుమాలు మరిచిపోయావని నీ వెనకే వచ్చాను. రాయి చాటున నిలబడి స్వెటర్ మడతపెడుతున్నావు. పిలవకుండా తిరిగొచ్చేశాను."

హారిక అడిగింది. "మరి రోజూ ఎందుకు తొడిగావు అమ్మమ్మా? ఇంటికొచ్చాక అమ్మని ఒక్క మాటైనా అడగాలి కదా?"

"అడిగితే ఇంట్లోనే విప్పేసి వెళ్లేది" అంది అమ్మ. "ఆ పది నిమిషాలైనా వెచ్చగా నడుస్తుందని ఊరుకున్నాను."